నిశ్శబ్దమా, నాదమా?

కంటికి రెప్ప ఉంది. చెవికి లేదు. వద్దనుకున్న శబ్దాన్ని వినకుండా ఉండటం మన చేతిలో లేదు. ఖరగ్‌పూర్ వంటి రైల్వే ఊళ్లో ఉండేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉంటున్నాయి. మా చిన్నాన్నగారిది అలాంటి కుటుంబమే.

పదవీ విరమణ చేసిన ఆయనకు పాత పాటలు తీరిగ్గా వినాలని కోరిక. ఆయన కోడలు మీలాగే ఇంట్లో ఉండి చదువుకుంటోంది. పాఠాలు ఫోనులో వింటుంది. ఇంట్లో ఉన్న డబ్బు ఒక్క హెడ్‌ఫోనుకే సరిపోతుంది. ఏ రకం కొనాలని నన్నడిగారు. రేపు మీకూ ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. అందుకే ఆ రెండు రకాలూ ఎలా పనిచేస్తాయో చూద్దాం.

మొదటిది నాయిస్ క్యాన్సిలింగ్ రకం. దీనిలోని చిన్న మైకులు బయటి శబ్దాన్ని గ్రహిస్తాయి. లోపలి సర్క్యూటు దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టిస్తుంది. ఒక అల ఎత్తు మరో అల పల్లంతో కలిస్తే నీరు సమమవుతుంది కదా! శబ్దమూ అలాగే తగ్గుతుంది. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్‌కు 1978లో విమాన ప్రయాణంలో ఈ ఆలోచన వచ్చింది. 1989లో ఆయన సంస్థ విమాన చోదకుల కోసం ఇటువంటి హెడ్‌సెట్‌ను తెచ్చింది. ఫ్యాను హోరు, ఇంజను మోత వంటి ఆగకుండా సాగే శబ్దాలను ఇది బాగా తగ్గిస్తుంది. హారను, పక్కవారి మాటలు అంతగా తగ్గవు. దీనికి ఛార్జింగు అవసరం.

రెండవది ఇంట్లో కూర్చుని వినే హై-ఫై రకం. వీటిలో చాలావాటికి వెనుకభాగం జాలీలా తెరిచి ఉంటుంది. అందువల్ల పాట సహజంగా, విశాలంగా వినిపిస్తుంది. వీణ తీగ మీటాక మిగిలే నాదం కూడా తెలుస్తుంది. కాని బయటి మోత లోపలికి వస్తుంది, లోపలి పాట బయటికి పోతుంది. 250, 300 ఓముల ఇంపిడెన్స్ ఉన్నవాటికి తరచు వేరే యాంప్లిఫైయర్ కూడా కావాలి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. చుట్టూ మోత ఉంటే మనం వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషికి మళ్లీ పుట్టవు.

ఇదంతా విని చిన్నాన్నగారు, “పాట ఎప్పుడైనా వినొచ్చు. అమ్మాయి పరీక్ష ఆగదు కదా!” అన్నారు. మొదటి రకమే కొన్నారు. ఒక్క షరతు పెట్టారు: పట్టాలు దాటేటప్పుడు, రోడ్డు మీద నడిచేటప్పుడు అది చెవికి ఉండకూడదు.

మీరూ ఒక పని చేయండి. మీరు చదువుకునే చోట పది నిమిషాలు కూర్చోండి. వినిపించే శబ్దాలను రెండు వరుసల్లో రాయండి: ఆగకుండా సాగేవి, ఉన్నట్టుండి వచ్చేవి. మొదటి వరుస పెద్దదైతే నాయిస్ క్యాన్సిలింగ్ రకం మీకు ఉపయోగపడుతుంది. రెండు వరుసలూ దాదాపు ఖాళీగా ఉంటే, మీకు సంగీతం ఇష్టమైతే, హై-ఫై రకం తీసుకోండి. ఏది కొన్నా వాల్యూమ్ తగ్గించే వినండి.