పిల్లల పేజీకి ఒక కథ

పన్నెండేళ్ళు దాటిన పిల్లల కోసం ఒక కథ వ్రాసి పంపమని సంపాదకులు అడిగితే, అదెంత పని అని ఒప్పుకున్నాము. తీరా మూడుసార్లు వ్రాయవలసి వచ్చింది.

తంటా అంతా మా అమ్మాయి బడిలో చదివిన పుస్తకంతో వచ్చింది. మరీటా కాన్లన్ మెకెన్నా వ్రాసిన ‘అండర్ ది హాథార్న్ ట్రీ’, 1990లో వెలువడింది. ఐర్లండు బంగాళాదుంప కరువులో ముగ్గురు తోబుట్టువులు దిక్కు వెతుక్కుంటూ నడిచిపోయే కథ. మొదట్లోనే చంటిపాప చనిపోతుంది. ముళ్ళచెట్టు కింద పూడ్చిపెడతారు. రచయిత్రి దాచలేదు, అలాగని రాగాలు తీయనూ లేదు.

కాజిల్‌బార్‌లో ఈ కరువు దూరపు సంగతి కాదు గదా! మనం సాయంకాలం షికారు చేసే మాల్ ఒకనాడు లూకన్ ప్రభువుల క్రికెట్ మైదానం. వారిలో మూడవ ప్రభువు ఆ కరువులోనే కౌలురైతులను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టించాడు. ముర్రిస్క్‌లో 1997లో నిలిపిన కంచు ఓడకు అస్థిపంజరాలే అల్లుకొని ఉంటాయి. దాని ముందు పిల్లలను నిలబెట్టి ఫోటోలు తీస్తాము.

“మన అనంతపురంలో కరువు రాలేదా?” అంది అమ్మాయి. 1876–78 నాటి ధాత కరువు గురించి ఉత్సాహంగానే చెప్పాము. “మరి పెదనాన్న నిజంగా గుండెపోటుతోనే పోయారా?”

గొంతులో వెలక్కాయ పడింది. ఆయన అప్పుల బాధతో ఆత్మహత్య చేసుకున్నారు. పిల్లకు చెప్పలేదు.

ఆ రాత్రి చెప్పాము. తరువాత దాన్నే కథగా వ్రాయబోయాము. మొదటిసారి చావు కాస్తా విషజ్వరమైంది, చివర సంక్రాంతి ముగ్గులు వచ్చాయి. అమ్మాయి చదివి, “ఇది పెదనాన్న కథ కాదు” అని కాగితాలు తిరిగి ఇచ్చేసింది. రెండోసారి కసికొద్దీ ఆ రాత్రి సంగతంతా వ్రాసి, చదువుకుని మేమే తట్టుకోలేక చించేశాము. ఎలా పోయాడన్నది పిల్లలకు అక్కరలేదు. తానే ప్రాణం తీసుకున్నాడన్నది మాత్రం దాచరాదు.

మూడోసారి ఆయన కొడుకు కళ్ళతో వ్రాశాము. ఎండిన బోర్లు, అమ్మేసిన ఎద్దులు, అరుగు మీద కూర్చుని లేవని అప్పులవాళ్ళు. ముందటి వారమే వాడు సైకిలు కొనిపెట్టమని మారాం చేశాడు. ఆ సైకిలు వల్లనే నాన్న పోయాడని ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి మోశాడట! ఇంట్లో అందరూ గుండెపోటు అంటూంటే ఎవరిని అడుగుతాడు? కథలో మేనమామ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, “నీ వల్ల కాదురా” అని చెబుతాడు. నిజానికి ఆనాడు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. అంతవరకు కల్పన.

అచ్చుకు ఇచ్చేముందు ఊరికి ఫోను చేసి వదినగారికీ వాడికీ చదివి వినిపించాము. చాలాసేపు అవతలినుంచి మాట లేదు. “పేర్లు మార్చండి. సైకిలు మాత్రం అలాగే ఉంచండి” అన్నారు వదినగారు.

కథ వచ్చే సంచికలో వస్తుంది. దయచేసి ముందు మీరు చదివి, తరువాత పిల్లల పక్కన కూర్చుని చదివించండి.