వడ్డాదిలో ఆగిన హీరోగారు

వడ్డాది అనగానే మీకు ‘చందమామ’ ముఖచిత్రాల వడ్డాది పాపయ్యగారు గుర్తొస్తారు కదూ! నాకు మాత్రం ఇకమీదట ఒక కార్బురేటర్ గుర్తొస్తుంది. ఎందుకంటారా? వినండి మరి!

మా మావయ్యగారి అంబాసిడర్ 1974 నాటిది. మార్క్ 2. పాత సినిమాల్లో జమీందారుగారు దర్జాగా దిగేదీ, పెళ్లికూతురు ఏడుస్తూ ఎక్కేదీ, విలన్ డిక్కీలో పెట్టెలు కుక్కేదీ... అన్నీ ఆ కారే! 2014లో దాని తయారీయే ఆగిపోయింది. మావయ్య పోయాక ఆర్నెల్లు మా కారూ షెడ్డులోనే ఉండిపోయింది.

“పాడేరు ఘాట్ ఎక్కితే ఉంచుతాను. ఎక్కకపోతే సోమవారం పాత సామాన్ల వాడికిచ్చేస్తాను” అన్నాడు బావ. వెనక సీట్లో అత్తయ్య కిటికీలోంచి చూస్తూ కూచుంది. ఒక్క మాటా అనలేదు.

విశాఖలో బయల్దేరి సబ్బవరం, చోడవరం దాటాం. చదును మీద హీరోగారి నడక భేషుగ్గా ఉంది. ఒక చెరకు లారీని దాటబోయి బావ యాక్సిలరేటర్ తొక్కాడో లేదో, ఖళ్లు ఖళ్లున దగ్గు! మత్స్యవంశపు రాజులు ఏలిన ఆ పాత ఒడ్డాదిలోనే, జంక్షన్లో, సినిమా ఇంటర్వెల్ లాగా ఆగిపోయింది.

“చూశావా?” అన్నాడు బావ.

టీకొట్టు పక్క షెడ్డులోంచి ఒక ముసలి మెకానిక్ వచ్చాడు. “ఏటైంది బాబూ? ఎస్.యు. కార్బురేటరా! సూసి ఎన్నాళ్లయిందో!” అన్నాడు పాత చుట్టాన్ని చూసినట్టు.

ఎస్.యు. అంటే స్కిన్నర్ యూనియన్. 1910లో ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు పెట్టిన కంపెనీ. దాని కిటుకు తమాషాగా ఉంటుంది. ఇంజను గాలి పీల్చేకొద్దీ లోపల పిస్టన్ పైకి లేస్తుంది. దానికున్న కోసు సూది జెట్‌లోంచి పైకి జరిగి, గాలికి తగినంత పెట్రోలు వదుల్తుంది. పిస్టన్ లేవకపోతే? యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజనుకి ఊపిరాడదు!

ఆయన పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలాడు. టక్కుమని పడాలిట. పడలేదు. జిగురు పట్టి అక్కడే వేలాడింది.

“లోపల ఇంజనాయిలు పూసిందెవరు బాబూ?”

నా గుండె గుభేలుమంది. కిందటివారం కారు మీద ప్రేమకొద్దీ పూసింది నేనే! “నేనేనండీ” అన్నాను. బావ నావంక చూశాడు. అత్తయ్యా చూసింది.

“నూని పిస్టన్ కడ్డీకి ఒక సుక్క, పైన డాంపర్ గొట్టంలో కాసింత. అంతే! గోడలు పొడిగా ఉండాల. ఎమరీ కాయితం అసలే తగలకూడదు” అన్నాడాయన. ఫ్లోట్ గిన్నె విప్పితే అడుగున తుప్పురేణువులు, నీటిబొట్లు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కదా, అది తేమ పీలుస్తుంది. ఆ ఇథనాల్ చెరకు నుంచీ వస్తుంది. చెరకు నాడులో చెరకు మీదే నేరం మోపాలా? నేరంలో సగం నాదే!

అన్నీ పెట్రోలుతో కడిగి, బట్టతో తుడిచి బిగించాడు. పిస్టన్ టక్కుమంది! ఇంజను వేడెక్కాక పిస్టన్‌ని వెంట్రుకవాసి ఎత్తాడు. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, ఇంజను ఆగిపోతే తక్కువైనట్టు. కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. జెట్ కింది నట్టుని ఒక్కో పలక తిప్పుతూ, చెవితోనే కుదిర్చాడు.

మాడుగుల దాటాం. హల్వా కొనడానికి కూడా ఆగలేదు. ఘాట్ మొదలైంది. మలుపు తర్వాత మలుపు... రెండో గేరులో హీరోగారు దగ్గకుండా ఎక్కేశారు!

పైన చల్లగాలిలో కారాపి, బావ తాళాలు అత్తయ్య చేతిలో పెట్టాడు. “ఆయన కూడా ఇక్కడే ఆపేవారు” అంది అత్తయ్య.

సోమవారం పాత సామాన్ల వాడు రాలేదు. నూనె డబ్బా మాత్రం నాకు అందనంత ఎత్తులో పెట్టేశారు!