బోర్డు దించిన రోజు

2019 ఆగస్టు 30 సాయంత్రం ఆర్థికమంత్రి టీవీలో బ్యాంకుల విలీనాల వివరాలు చెబుతున్నారు. అందులో ఆంధ్రా బ్యాంకు పేరు వినబడగానే చేతిలోని కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన బ్యాంకు అది. నా మొదటి జీతమూ, మా అమ్మాయి చదువుకు తీసుకున్న అప్పూ అక్కడివే.

మర్నాడు మా శాఖలో ఎవరికీ పనిమీద మనసు లేదు. బదిలీలు, సీనియారిటీ, పదోన్నతులు - అందరి నోటా అవే మాటలు. వాటి అడుగున ఉన్నది మాత్రం పుట్టిల్లు అమ్ముడుపోయిందని విన్నప్పటి దిగులు. ఉద్యోగాలు పోవని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట బుద్ధికి అందింది, మనసుకు అందలేదు. స్వచ్ఛంద పదవీ విరమణకు నేను దరఖాస్తు కూడా రాసి బీరువాలో పెట్టుకున్నాను.

మా మేనేజరుగారు మితభాషి. ధైర్యవచనాలు పలుకుతారనుకున్నాం (పలికి ఉంటే లోలోపల నవ్వుకునేవాళ్ళమే!). ఆయన సాయంత్రం తలుపులు మూశాక అందరినీ కూర్చోబెట్టి, "నాకూ బాధగానే ఉందండీ. రాత్రి నిద్ర పట్టలేదు. ఏ సంగతి తెలిసినా ఆరోజే మీకు చెబుతాను. తెలియనిది తెలియదనే చెబుతాను" అన్నారు. అంతే.

ఆ తరువాత ఏడు నెలలూ ఆయన మాట తప్పలేదు. వదంతి ఏది పుట్టినా తిన్నగా ఆయన గదిలోకే వెళ్ళి అడిగేవాళ్ళం. మార్పుకాలపు నాయకత్వం గురించి పుస్తకాలు చాలా చెబుతాయి గానీ, తన బాధ దాచుకోని మనిషి కనుకనే మేము ఆయనను నమ్మామని నా అభిప్రాయం. దరఖాస్తు బీరువాలోనే ఉండిపోయింది.

2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాం. లాక్‌డౌన్ రోజులు, వీధుల్లో నరసంచారం లేదు. పింఛనుదారులు మాత్రం ముఖాలకు కండువాలు చుట్టుకుని వచ్చారు.

"మా డబ్బు ఎక్కడికీ పోదు గదమ్మా?" అని ఒక ముసలామె అడిగింది.

"పోదు మామ్మగారూ. పేరే మారింది, మేము ఇక్కడే ఉన్నాం" అన్నాను. ఆ 'మేము' నా నోట అంత సహజంగా వచ్చినందుకు నాకే ఆశ్చర్యం కలిగింది.

తరువాత ఎప్పుడో పాత బోర్డు దించారు. మేనేజరుగారు బయటికి వచ్చి నిలబడ్డారు; ఆయన వెనుక మేమూ. "మెల్లగా దించు నాయనా" అన్నారు పనివాడితో. ఆపైన లోపలికి వచ్చి, కౌంటరు ముందున్న వరుస చూసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఓచర్లు సగం తనవైపు జరుపుకున్నారు.