రెండో శాతం గుర్తు

లినక్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌ని ఆర్‌పీఎమ్ ప్యాకేజీగా కట్టాలంటే స్పెక్ ఫైల్ రాయాలి. సోర్స్ ఎక్కడిది, ఎలా కంపైల్ చెయ్యాలి, ఏ ఫైలు ఎక్కడికి చేరాలి, అన్నీ అందులోనే ఉంటాయి. 1997లోనే ఎడ్వర్డ్ బెయిలీ దీని మీద ‘మ్యాగ్జిమమ్ ఆర్‌పీఎమ్’ అని పెద్ద పుస్తకం రాశాడు. అయినా ఈ పని చేసేవాళ్లని అడిగి చూడండి, చాలామంది పక్కవాళ్ల స్పెక్ ఫైళ్లు చదివే నేర్చుకున్నామంటారు. నేనూ అంతే.

మా టీమ్‌లో ఏళ్ల తరబడి ప్యాకేజింగ్ చూసిన అన్న ఉద్యోగం మానేస్తూ తన ఫైళ్లు నాకు అప్పగించాడు. ఒక దాంట్లో, ముందు హ్యాష్ పెట్టి కామెంట్ చేసిన లైన్ ఉంది. అందులో ‘కాన్ఫిగర్’ అనే మాక్రో. మాక్రో ముందు ఒక్క శాతం గుర్తు ఉండాలి, ఇక్కడ రెండున్నాయి. చూడ్డానికి టైపింగ్ పొరపాటులా ఉంది. తీసేద్దామా అనిపించింది కానీ, ముందు అడిగాను.

“హ్యాష్ షెల్‌కి అర్థమవుతుంది తమ్ముడూ, ఆర్‌పీఎమ్‌కి కాదు. అది ముందే మాక్రోని విప్పేస్తుంది.”

ఎవాల్ ఆప్షన్‌తో ఆ మాక్రోని విప్పి చూశాను. ఒక్క పదం లోంచి బోలెడు లైన్లు వచ్చాయి. హ్యాష్ ఆపేది మొదటి లైన్‌నే. మిగతావన్నీ దర్జాగా నడుస్తాయి. రెండో శాతం గుర్తు ఉంటే మాక్రో విప్పుకోదు. ఇప్పుడు ఆర్‌పీఎమ్‌లింట్ ఇలాంటి లైన్లని పట్టుకుని హెచ్చరిస్తుంది. నిజంగా నోరు మూసుకునే కామెంట్ కావాలంటే హ్యాష్ బదులు ‘డీఎన్ఎల్’ అనే మాక్రో కూడా ఉంది.

అన్న రాసిన హ్యాండోవర్ డాక్యుమెంట్ మళ్లీ తెరిచాను. సర్వర్ల పేర్లు, రిలీజ్ రోజు చెయ్యాల్సిన పనులు, అన్నీ వరసగా ఉన్నాయి. ఈ శాతం గుర్తు సంగతి మాత్రం లేదు. దాచుకున్నాడని కాదు. అదొక తెలిసిన విషయమని ఆయనకే తోచలేదు. చేతికి అలవాటైపోయింది, అంతే. మనిషి వెళ్లిపోతే పోయేది ఇదిగో, ఇలాంటి తెలివే.

మిగిలిన వారం రోజులూ వింతగా కనిపించిన ప్రతి లైన్ గురించీ అడిగాను. జవాబు రాగానే ఆ లైన్ పైనే, ఎందుకో ఒక వాక్యం రాసిపెట్టాను. పదహారు ప్రశ్నలు తేలాయి. పధ్నాలుగింటికి చెప్పాడు. మిగతా రెండూ ఆయనకంటే ముందున్నవాళ్లవట. ఆయనా ఎవర్నీ అడగలేదు. వాటిని ముట్టుకోకుండా అలాగే ఉంచాను.