ఈవీ కొనే ముందు పార్కింగ్ చూడండి!

మెట్రో ఎల్బీనగర్‌లోనే ఆగిపోతుంది. అక్కణ్నుంచి హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి విజయవాడ హైవే మీద ఇంకా వస్తే మా అబ్దుల్లాపూర్‌మెట్. రానూపోనూ దాదాపు 36 కిలోమీటర్లు. లారీల మధ్య రోజూ బైక్ అంటే అమ్మకు భయం. అందుకే చిన్న ఈవీ కారు కోసం లెక్కలేశాను.

2024 సెప్టెంబర్‌లో 6.99 లక్షల ఎంజీ కామెట్‌ను 4.99 లక్షలకే ఇస్తామన్నారు. బ్యాటరీకి మాత్రం కిలోమీటరుకు రెండున్నర రూపాయల అద్దె. నా దారికి రోజుకు 90 రూపాయలు, కరెంటు వేరే! మిగిలిన 2 లక్షలు 80 వేల కిలోమీటర్లకు, అంటే నాకు ఏడేళ్లలో, అద్దెకే పోతాయి. తక్కువ తిరిగేవాళ్లకు లాభమే. నాలా రోజూ తిరిగేవాళ్లకు బ్యాటరీతో సహా కొనడమే నయం. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఈవీలకు రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఎలాగూ ఉంది.

అసలు చిక్కు ప్లగ్గుతోనే. 3.3 కిలోవాట్ల ఛార్జర్‌తో ఫుల్ అవ్వాలంటే 7 గంటలు. అంటే రాత్రంతా పార్కింగ్‌లోనే. మాది అద్దె ఫ్లాట్. ‘‘వైర్లు కాలితే ఎవరు బాబూ బాధ్యత?’’ అన్నారు ఓనర్ అంకుల్. సబ్‌మీటర్, ఎర్తింగ్, 15 ఆంప్స్ సాకెట్ ఖర్చంతా నాదేనన్నాకే ఒప్పుకున్నారు.

మీరూ అద్దెకుంటున్నారా? షోరూమ్‌కి తర్వాత వెళ్లొచ్చు. ముందు ఓనర్‌తో మాట్లాడండి.