ఏడా, పద్నాలుగా?

కొన్నేళ్ళ క్రితం విజయనగరంలో హజ్ యాత్రికుల కోసం ఒకరోజు శిక్షణా శిబిరం ఏర్పాటయింది. శ్రీకాకుళం, నరసన్నపేట, పలాస, బొబ్బిలి, సాలూరు ప్రాంతాల నుండి యాత్రికులూ, వారి కుటుంబీకులూ కలిసి 150 మంది దాకా వచ్చారు. నేను వృత్తిరీత్యా ఉపాధ్యాయుడిని. అంతకుముందే అల్లాహ్ దయతో హజ్ చేసి వచ్చినవాడిని. కాబట్టి బోధనా బాధ్యత నాకు అప్పగించారు.

రెండు గంటలసేపు ఏకధాటిగా మాట్లాడాను. ఇహ్రామ్ ధారణ మొదలుకొని వీడ్కోలు తవాఫ్ వరకు ఒక్క అంశమూ విడిచిపెట్టలేదు. మధ్యమధ్య “అర్థమైందా?” అని అడిగితే “అయింది” అని సభ ముక్తకంఠంతో పలికింది. బాగా చెప్పానన్న సంతృప్తితో వేదిక దిగాను.

భోజనాల వేళ పలాస వైపు నుండి వచ్చిన ఒక వృద్ధుడు చేతికర్ర ఊతంతో నా దగ్గరకు వచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకొని నెమ్మదిగా అడిగారు: “మాస్టారూ, ఏటనుకోకండి. సఫా నుంచి మర్వాకెల్లి మల్లీ సఫాకొస్తే ఒకటా, రెండా?”

“రెండు, చాచా” అన్నాను. సఫా నుండి మర్వాకు వెళితే ఒకటి, మర్వా నుండి సఫాకు వస్తే రెండు. అలా ఏడోది మర్వా వద్ద ముగుస్తుంది. మొత్తం నడక సుమారు మూడు కిలోమీటర్లు. ఆయన మాత్రం రానూపోనూ కలిపి ఒకటిగా లెక్కించుకున్నారు. అంటే 14 సార్లు, ఆరు కిలోమీటర్లకు పైగా నడక!

“ఈ మోకాళ్ళతో నా వల్ల అవుద్దా అని పొద్దున్నుంచీ అదే బెంగ మాస్టారూ. తర్వాత మీరు చెప్పిందేదీ నా చెవికెక్కలేదు” అన్నారాయన. అప్పుడే ఎందుకు అడగలేదంటే, “అంతమందిలో అడిగితే నవ్వుతారేమోనని” అన్నారు.

ఆ మాటతో నా సంతృప్తి అంతా ఆవిరైపోయింది. ఆయన ఒక్కరు ధైర్యం చేసి అడిగారు. అడగకుండానే వెళ్ళిపోయినవారు ఎందరో! పెద్దలు పిల్లల్లా కాదు. వారికి వయసు ఉంది, పరువు ఉంది, పక్కన కోడలో అల్లుడో కూర్చొని ఉంటారు. “అర్థమైందా?” అన్న ప్రశ్నకు నిండుసభలో “కాలేదు” అని చెప్పగలవారు అరుదు. ఆ ప్రశ్న వేసి నన్ను నేనే మోసగించుకున్నాను.

ఆ రాత్రి దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధనా సరళి గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. ఆకులు రాలని, విశ్వాసిని పోలిన చెట్టు ఏదని ఆయన (స) ఒకసారి సహచరులను అడిగారు. అది ఖర్జూర వృక్షమని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి)కు తోచింది. కానీ సభలో పెద్దలున్నారన్న బిడియంతో ఆయన మౌనం వహించారు. అంతటి పవిత్ర సభలోనే బిడియం ఒక నోరు మూయించిందంటే మన సభల సంగతి వేరే చెప్పాలా? అలాగే ప్రజలు విసుగు చెందకూడదని ప్రవక్త (స) సమయం చూసి బోధించేవారనీ, ఆ ఆదర్శాన్నే అనుసరించి హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ప్రతిరోజూ ఉపన్యసించడానికి ఒప్పుకోలేదనీ హదీసు గ్రంథాలలో చదువుతాం. చదివిన నేనే రెండు గంటలు మాట్లాడాను!

మరుసటి ఏడాది శిబిరం తీరు మార్చాము. కుర్చీల వరుసలు తీసివేసి, ఎనిమిదేసి మందిని ఒక బృందంగా గుండ్రంగా కూర్చోబెట్టాము. సందేహాన్ని వ్యక్తి అడగనవసరం లేదు, బృందం అడుగుతుంది. దాంతో ఎవరి పరువుకూ భంగం లేదు. నేను పావుగంటకు మించి మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ తర్వాత వారు లేచి ఏదో ఒకటి చేయాలి.

హాలు మధ్యలో ఒక బల్లకు నల్లగుడ్డ కప్పి, ఒక మూలను హజ్రె అస్వద్‌గా గుర్తించి, అక్కడి నుండి ఏడు చుట్లు తిరిగించాము. రెండు స్తంభాలు సఫా, మర్వా అయ్యాయి. బృందానికొక దోసెడు శనగలిచ్చి, హజ్ నెల 12వ తేదీన మినా నుండి బయలుదేరేవారికి ఎన్ని రాళ్ళు కావాలో ఏరి పెట్టమన్నాము. చాలా బృందాలు మూడు రోజులకు రోజుకు 21 చొప్పున 63 లెక్కపెట్టాయి. ఒక బృందంలోని గృహిణి మాత్రం, 10వ తేదీన పెద్ద జమరాకు మాత్రమే ఏడు రాళ్ళు కదా, మొత్తం 49 చాలునని సరిదిద్దింది. నేను పదిసార్లు చెప్పినా నిలవని లెక్క ఆ చర్చతో అందరికీ నిలిచిపోయింది.

స్త్రీలకు విడిగా ఒక గంట కేటాయించి, ఒక ఉపాధ్యాయినికి అప్పగించాము. ప్రవక్త (స) కాలంలోనే స్త్రీలు తమకొక ప్రత్యేక దినం కావాలని కోరి పొందారు కదా! ఆ గంటలో మొదట వచ్చిన సందేహం నెలసరి గురించేనట. ఆ స్థితిలో తవాఫ్ తప్ప మిగతా హజ్ విధులన్నీ నెరవేర్చవచ్చని తెలిసి, కొందరి కళ్ళు చెమర్చాయని ఆమె చెప్పింది. మగవారు నిండిన హాలులో ఆ ప్రశ్న ఎన్నటికీ వచ్చి ఉండేది కాదు.

శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి గారు సవరలకు చదువు చెప్పదలచి, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. బోధించేవాడు మొదట విద్యార్థి కావాలన్న ఆ నీతి మా ప్రాంతంలోనే ఉన్నా, నాకు వంటబట్టడానికి చాలా కాలం పట్టింది.

ఈ పద్ధతిలో కష్టమూ ఉంది. గోల ఎక్కువ. హజ్ చరిత్ర, ఘనతల గురించిన ప్రసంగాన్ని బాగా కుదించవలసి వచ్చింది. “ఇదేమి ఆట?” అని ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకున్నారు. అయినా సాయంత్రం వరకు కునికిపాట్లు పడినవారు లేరు.

ఆ శిబిరానికి పలాస చాచా కూడా వచ్చారు. అల్హమ్‌దులిల్లాహ్, ఆయన హజ్ పూర్తి చేసి వచ్చారు. నేను పిలవకముందే ‘మర్వా’ స్తంభం దగ్గర కర్ర ఆనించి నిలబడి, వచ్చిన ప్రతి బృందాన్నీ ఆపి అడిగారు: “ఎల్లి వస్తే ఒకటా, రెండా? చెప్పి కదలండి!”