గుడ్ల ఊళ్లో గిరగిర బేరం!

ఊరి నడిబొడ్డున కాంక్రీటుతో చేసిన పేద్ద గుడ్డు. బరువు 3,000 పౌండ్లట... అంటే దాదాపు 1,360 కిలోలు! అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్న మెంటోన్ అనే పల్లె ఇది. జనాభా వెయ్యికి కాస్త అటూ ఇటూ. ఒకప్పుడు కోడిగుడ్ల వ్యాపారానికి పేరుమోసింది కాబట్టి ఆ గుర్తు. కానీ ఈ ఊరికి ఎగిరే పిచ్చి కూడా తక్కువేం కాదు. తొలిసారి ధ్వని వేగాన్ని దాటిన బెల్ ఎక్స్-1 విమానాన్ని తయారుచేసిన కంపెనీ వ్యవస్థాపకుడు లారీ బెల్ 1894లో పుట్టింది ఇక్కడే. ఆయన పేరున ఊళ్లో మ్యూజియం కూడా ఉంది.

అదొక్కటే కాదు, ఈ ఊరి విమానాశ్రయం జైరోప్లేన్ల జాతరకూ ప్రసిద్ధి. ఇళ్లలో సొంతంగా ఎగిరే యంత్రాలు కట్టుకునేవాళ్ల కోసం ఇగోర్ బెన్సెన్ 1962లో పాపులర్ రోటార్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పెట్టారు. ఆ సంఘం వాళ్లు ఏళ్ల తరబడి వేసవిలో చేరింది మెంటోన్ మైదానంలోనే. ఇలాంటి జాతర ఎక్కడ జరిగినా ఓ మూల ‘అమ్మబడును’ అట్ట కట్టుకున్న యంత్రాలు కనిపిస్తాయి. కొన్ని ఎగిరి వచ్చినవి. కొన్ని ట్రైలర్లో, సగం అట్టపెట్టెల్లోనే ఉన్నవి!

ఇంతకీ జైరోప్లేన్ అంటే? చూడ్డానికి బుల్లి హెలికాప్టరే. కానీ నెత్తిమీది రోటర్‌ను గాల్లో ఇంజిన్ తిప్పదు. వెనకున్న ప్రొపెల్లర్ ముందుకు తోస్తుంటే ఎదురొచ్చే గాలికి రోటర్ తనంతట తానే తిరుగుతుంది, తిరునాళ్లలో కొన్న కాగితం గిరగిరలాగా. ఇంజిన్ ఆగినా రాయిలా పడదు, జారుకుంటూ దిగుతుంది. స్పెయిన్ ఇంజినీరు హువాన్ దె లా సియెర్వా దీన్ని 1923లో ఎగిరించాడు. పాపం, ఆయన ప్రాణం పోయింది మాత్రం 1936లో, మామూలు ప్రయాణికుల విమానం కూలి.

సగం కట్టిన యంత్రం కథలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎవరో ఉత్సాహంగా కిట్ కొంటారు. పిల్లల చదువులు, ఇల్లు మారడాలు, మోకాళ్ల నొప్పులు... షెడ్డులో దుమ్ము పేరుకుంటుంది. చివరికి భార్యో, కొడుకో అమ్మకానికి పెడతారు. చవగ్గానే వస్తుంది. అయితే కొనేవాడు ముందు అడగాల్సింది యంత్రాన్ని కాదు, కాగితాలను. అమెరికాలో ఇలాంటివాటికి ప్రయోగాత్మక సర్టిఫికెట్ రావాలంటే సగానికి మించిన పని ఔత్సాహికులే చేసినట్టు రుజువుండాలి. మొదటి యజమాని రాసుకున్న పనిచిట్టా, ఫొటోలు, రసీదులు లేకపోతే అతని కష్టం లెక్కలోకి రావడమే కష్టం. బోల్టులూ చూడాలి. విమానాలకు వాడే ఉక్కు బోల్టు తలపై నక్షత్రంలాంటి గుర్తుంటుంది. అది లేని బోల్టు కనిపించిందా... వీధి చివరి హార్డ్‌వేర్ షాపు నుంచి వచ్చిందన్నమాటే!

ఎగురుతున్న పాతది కొంటే తలనొప్పులు వేరు. కట్టినవాడికి ఏటా తనిఖీ చేసుకునే సర్టిఫికెట్ దొరుకుతుంది. కానీ అది యంత్రంతోపాటు చేతులు మారదు. కొన్నవాడు అర్హత ఉన్నవారిచేత ఆ తనిఖీ చేయించుకోవాల్సిందే. ఇక ఇంజిన్. ఎక్కువగా కనిపించే రోటాక్స్ 582ను 300 గంటలకో, అయిదేళ్లకో విప్పి బాగుచేయించాలంటుంది తయారీ సంస్థ. ‘ఇరవై గంటలే తిరిగింది, పదేళ్లుగా షెడ్డులోనే ఉంది’ అని అమ్మేవాడు మురిసిపోతుంటే, ఎరిగినవాడు లోపల తుప్పు ఎంతుందో అని ఆలోచిస్తాడు.

అన్నిటికన్నా భయపెట్టేది తోక. కొన్ని పాత నమూనాల్లో అడ్డంగా ఉండాల్సిన తోకరెక్క ఉండదు. పైగా ప్రొపెల్లర్ తోసే గీత యంత్రం గరిమనాభి కన్నా బాగా పైన ఉంటుంది. గాలికుదుపులో రోటర్ మీద భారం తగ్గిందంటే ముక్కు ఒక్కసారిగా కిందికి మొగ్గుతుంది. పైలట్ కళ్లు తెరిచి మూసేలోగా రోటర్ తోకను కొట్టేస్తుంది! ఆ తర్వాత జారుకుంటూ దిగడం ఉండదు. బ్రిటన్ విమానయాన సంస్థ కోసం గ్లాస్గో విశ్వవిద్యాలయం చేసిన పరిశోధన కూడా ఆ ఎత్తు తేడాయే కీలకమంది. అమ్మకపు అట్టమీద ఇదెవరూ రాయరు. కొనేవాడే కొలుచుకోవాలి.

115 కిలోల లోపు ఒంటిసీటు యంత్రానికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు. అదే కొంప ముంచింది చాలామందిని. తొలినాళ్లలో ఒక్క సీటే కాబట్టి పక్కన కూర్చుని నేర్పేవాడే లేడు. మామూలు విమానం నడిపిన చెయ్యి ఇక్కడ మరీ ప్రమాదం. చిన్నపాటి ఇబ్బందికే అలవాటుగా కర్రను ముందుకు తోస్తుంది మరి! అందుకే పాతకాపులు కొత్తవాళ్లను ‘ఏం కొన్నావ్’ అని కాకుండా ‘ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావ్’ అని అడుగుతారు.

బేరం కుదిరిందనుకోండి. ఫ్రేమూ, సీటూ, చక్రాలూ ట్రైలరెక్కుతాయి. ఎన్ని గంటలు తిరిగాయో తెలియని రోటర్ రెక్కలతోనే అసలు చిక్కు. బుద్ధిమంతులు కొత్తవి తెప్పించుకుంటారు. పాతవాటిని షెడ్డు గోడకు తగిలిస్తారు కొందరు. ఇంకొందరైతే రేపెవరికో ఆశ పుట్టకుండా ముందే రంపంతో రెండుగా కోసేస్తారు.